అరవై పేర్లలో ఒక ఎర్ర గీత

హరినాథ్‌కి అసహ్యం పుట్టించని వస్తువు పటాన్‌చెరు మొత్తంలో లేదని అతని భార్య కృష్ణప్రియ అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. పొద్దున్నే కిటికీ తెరిస్తే ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే వాసనకి ఛీ. ఆఫీసు మెట్ల మూలల్లో గుట్కా మరకలకి ఛీ. కింద హోటల్లో వారం రోజులుగా కాగుతున్న అదే నూనెకి ఛీ. వాళ్ల నాన్న సూర్యప్రకాశరావు గారు కృష్ణా జిల్లా నుంచి ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే రిటైరయ్యారు. హరినాథ్ ఇక్కడే పుట్టి, ఇదే గాలి పీల్చి నలభై ఏడేళ్ల వాడయ్యాడు. అతని ముక్కు మాత్రం ఇప్పటికీ రాజీపడలేదు. అయితే ఆ ఛీలన్నీ ఇన్నాళ్లూ ఎదుటివాళ్ల మీదే పడేవి. అవి తన మీదికి తిరిగిన రోజు సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

కెమికల్ ఫ్యాక్టరీలకు మనుషుల్ని పంపే ఒక కాంట్రాక్టరు ఆఫీసులో అతనిది కంప్యూటర్ పని. కాంట్రాక్టు కొత్తగా రాసుకున్నప్పుడల్లా ఒక్కొక్క కార్మికుడి పేరు వార్తల సైట్లలో కొట్టి వెతకాలి. పేరు పక్కన మూడు మాటలు చేర్చాలి. దొంగతనం, అరెస్టు, ధర్నా. మూడో మాట ఎందుకని ఎవరూ అడగరు, ఎందుకంటే అందరికీ తెలుసు. ఒకప్పుడు హరినాథ్ ఈ పని చేత్తోనే చేసేవాడు. వార్త దొరికితే చివరిదాకా చదివి, వయసు, ఊరు చూసి, ఫొటో ఉంటే పోల్చి, అప్పుడు రాసేవాడు. పరాయివాళ్ల ఇళ్లలోకి తొంగిచూసే రోత పని అది. కనీసం కళ్లు పెట్టి చేసేవాడు.

తర్వాత భోజనం వేళ వీడియోలు చూసి జావాస్క్రిప్ట్ నేర్చుకున్నాడు. ఈ వయసులో ఎవరూ చెప్పకుండా నేర్చుకున్నాడంటే మెచ్చుకోవాల్సిందే. పేర్ల జాబితా ఇస్తే బ్రౌజర్ తనంతట తానే తెరుచుకుని, సైటులోకి వెళ్లి, గడిలో పేరు కొట్టి, పేజీ వచ్చేదాకా ఆగి, దాని ఫొటో తీసి ఆ మనిషి పేరు మీద దాచేది. ఆ మూడు మాటల్లో ఏదైనా పేజీలోని వార్తల్లో కనపడితే జాబితాలో ఆ పేరు కింద ఎర్ర గీత పెట్టేది. ఆఫీసు కంప్యూటర్ పాతది, రెండు ట్యాబ్‌లు తెరిస్తే బిగుసుకుపోయేది. అందుకని ఒక్క ట్యాబ్‌లోనే, ఒకరి తర్వాత ఒకర్ని వెతికేలా రాశాడు. ఎవరూ ముట్టుకోకుండా అక్షరాలు పడుతుంటే చేతులు కట్టుకుని చూసేవాడు. అతను ఛీ అనని వస్తువు లోకంలో అదొక్కటే.

మేనేజర్ రాకేష్‌కి మాత్రం అది నచ్చలేదు. పక్కనున్న వెలిమెల ఊరి కుర్రాడు, ముప్పై దాటలేదు, మాటకు ముందు గడియారం చూస్తాడు.

"గిదేంది సార్, గింత నెమ్మదిగ నడుస్తుంది? బాయిలర్ సెక్షన్‌ల అరవై మంది ఉన్నరు. కంపెనీ వాళ్లు లంచ్ లోపట లిస్టు కావాలంటున్నరు. జెర జల్దీ చెయ్యరాదు?"

అరవై పేర్లు, ఒక్కో పేరుకి మూడు మాటలు, నూట ఎనభై వెతుకులాటలు. ప్రతిసారీ పేజీ కోసం ఆగాలి. ఆగడం తప్పదని చెబితే సరిపోయేది. కానీ కుర్రాడి ముందు తీసిపోతానేమోనని హరినాథ్‌కి పౌరుషం వచ్చింది. పేర్లని ఒక్కొక్కటిగా పంపే లూప్ తీసేసి దాని బదులు forEach అనే ఆదేశం పెట్టాడు. దాని గుణం ఏమిటంటే, లోపల ఎన్నిసార్లు ఆగమని రాసినా అది ఎవరి కోసమూ ఆగదు. మొదటి పేరు జవాబు రాకముందే రెండో పేరు, మూడో పేరు, అరవయ్యో పేరూ లోపలికి తోసేస్తుంది. రేషన్ షాపులో ఉన్న ఒక్క కాటా మీద అందరూ ఒకేసారి సంచులు పెట్టినట్టు, ఉన్న ఒక్క ట్యాబ్ మీద అరవై పేర్లూ పడ్డాయి. తెర నిండా ఎర్రర్లు వచ్చాయి. ఎర్రర్ వస్తే వదిలేసి ముందుకు పొమ్మని హరినాథ్ ఇంకొక లైను చేర్చాడు. ఇక తెర మీద ఏ గొడవా లేదు.

అరగంట పని రెండు నిమిషాల్లో అయిపోయింది. ఒక్క పేరు కింద ఎర్ర గీత పడింది. "కమాల్ జేసిన్రు సార్!" అంటూ రాకేష్ జాబితాని అప్పుడే కంపెనీకి పంపేశాడు. ఆ సాయంత్రం హరినాథ్ కింద హోటల్లో, ఆ నూనెలోనే వేయించిన మిరపకాయ బజ్జీలు నాలుగు తిన్నాడు. ఛీ అనలేదు.

నాలుగో రోజు పొద్దున ఆఫీసు తెరిచేసరికి మెట్ల మీద ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. చేతిలో టిఫిన్ సంచి ఉంది. కంది ఊరి దగ్గర పల్లె నుంచి వచ్చిన సంగయ్య, బాయిలర్ హౌస్‌లో పన్నెండేళ్లుగా పనిచేస్తున్న మనిషి. హరినాథ్ కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సారూ, నేనేం దొంగతనం జేసిన్నో జెర సూపెట్టున్రి. పన్నెండేండ్ల సంది డీజిల్ గది తాళంచెవి నా మొలతాడుకే ఉన్నది. ఒక్క లీటరు అటిటు కాలే. మొన్న గేటు కాడ, షిఫ్టు మొత్తం సూస్తుంటె, ఆ తాళంచెవి ఇప్పించుకున్నరు. దొంగ అని కంప్యూటర్ల వచ్చిందంట. ఇంట్ల జెప్పలే. దినాం టిఫిన్ కట్టిచ్చుకోని వచ్చి, బస్‌స్టాండుల కూసోని పోతున్న."

హరినాథ్ ఫైల్ తెరిచాడు. సంగయ్య పేరు మీద దాచిన ఫొటోలో రాగి తీగల దొంగతనం, ఒకరి అరెస్టు అని వార్త ఉంది. పైన వెతికే గడిలో మాత్రం 'జైపాల్ అరెస్టు' అని ఉంది. సంగయ్య పేరు పేజీలో ఎక్కడా లేదు. ఆగకుండా తోసేసిన పేర్లలో జైపాల్ జవాబు వచ్చే వేళకి సంగయ్య ఫొటో వంతు వచ్చింది, అంతే. తప్పు జరుగుతోందని కంప్యూటర్ గగ్గోలు పెడితే దాని నోరు నొక్కిన లైను తన చేత్తో రాసిందే. హరినాథ్ ఛీ అన్నాడు. ఈసారి కింది నూనెని కాదు.

లేచి రాకేష్ గదిలోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"లిస్టు పోయింది గద సార్," అన్నాడు రాకేష్ ఫోన్ చూస్తూనే. "ఇప్పుడు మన సాఫ్ట్‌వేరే గలత్ అంటె, రేపు కాంట్రాక్టు ఉంటదా? ఒక్కడే గదా. వేరే కంపెనీల ఏడనన్న పెట్టిద్దాం తీయండి."

ఒక్కడే గదా అన్న ఆ మాటకి హరినాథ్‌కి ఒళ్లంతా జుగుప్స పుట్టింది. రెండు నిమిషాల్లో తెమ్మన్నవాడి మీద పుట్టింది, తెచ్చినవాడి మీద అంతకు రెట్టింపు పుట్టింది. బయటికి వచ్చి ఆ ఫొటో ప్రింటు తీసి, గడి చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీశాడు. మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ దాకా ఆగి, సంగయ్యని స్కూటర్ వెనక ఎక్కించుకుని ఫ్యాక్టరీకి బయలుదేరాడు. పరువు ఎక్కడ పోయిందో అక్కడే తిరిగి రావాలని అతని పంతం. దారి పొడవునా ఏం చెప్పాలో మనసులో కూర్చుకున్నాడు.

రెండు గంటల షిఫ్టు మారే వేళ. గేటు దగ్గర లోపలికి పోయేవాళ్లు, బయటికి వచ్చేవాళ్లు కలిపి వంద మంది దాకా ఉన్నారు. షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ శివరామకృష్ణ ముందు నిలబడి హరినాథ్ అందరికీ వినపడేలా గొంతు పెంచాడు.

"సంగయ్య దొంగతనం చెయ్యలేదండీ. తప్పు నాది. నేను రాసిన ప్రోగ్రాం తప్పు. ఇదిగో, పైన గడిలో చూడండి, ఇది సంగయ్య పేరు కాదు, జైపాల్ అని ఉంది!"

కాగితం చేతులు మారింది. సంగయ్య మొహం కొంచెం తేలికపడింది. అంతలో వరసలోంచి ఎవరో అన్నారు.

"గట్లయితె దొంగ మన జైపాలా?"

హరినాథ్ గిరుక్కున తిరిగాడు. బాయిలర్ సెక్షన్ జైపాల్ అదే వరసలో, హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కనున్నవాళ్లు అడుగు దూరం జరిగారు. ఎవరూ జరగమని చెప్పలేదు, జరిగారు. జైపాల్ ముందుకొచ్చి కాగితం తీసుకుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నిదానంగా చదివాడు. పొద్దుటి నుంచి ఆ కాగితాన్ని పూర్తిగా చదివినవాడు అతనొక్కడే.

"సారూ, దీంట్ల వయసు యాభై రెండు అని రాసుంది. ఊరు గూడ వేరే జిల్లాది. నాకు ముప్పై నిండలే." కాగితం తిరిగి హరినాథ్ చేతిలో పెట్టాడు. "మీరు సదవలేదా?"

"లేదు," అన్నాడు హరినాథ్.

చేత్తో వెతికే రోజుల్లో అయితే చదివేవాడు. ఒక మనిషిని కడిగే తొందరలో ఇంకో మనిషి మీద అదే బురద పోశాడు, అదీ వంద మంది ముందు. తనని చూసి తనకే ఛీ అనిపించింది. "ఈ జైపాల్ కాదండీ, ఎవరో వేరే ఆయన!" అని అరిచాడు గానీ, దూరం జరిగినవాళ్లు దగ్గరికి రాలేదు.

శివరామకృష్ణ ఇబ్బందిగా జేబులోంచి డీజిల్ గది తాళంచెవి తీసి, "పొరపాటైంది సంగయ్యా, ఏమనుకోకు," అంటూ ఇచ్చాడు. మూడు రోజులుగా ఆ పెద్దాయన బతుకంతా ఆ ఇనపముక్కలోనే ఉంది. సంగయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసుకున్నాడు. మొలతాడుకి కట్టుకోలేదు. వరసలో ఒంటరిగా నిలబడ్డ జైపాల్ దగ్గరికి నడిచి వెళ్లి, అందరూ చూస్తుండగా అతని చేతిలో పెట్టాడు.

"తమ్మీ, నువ్వు పోయి డీజిల్ గది తెరువు. నేను గేటు పాసు రాయించుకోని వస్త."

జైపాల్ ఒక్క క్షణం తాళంచెవి వైపు చూసి, గుప్పిట మూసి లోపలికి నడిచాడు. ఆ వెనకే ఒకరూ ఇద్దరూ కదిలి, వరస మామూలుగా సాగిపోయింది.

సంగయ్య వెనక్కి వచ్చి హరినాథ్ ముందు చెయ్యి చాపాడు.

"ఆ కాయిదం నాకియ్యున్రి సారూ. మీ తాన ఉంటె మల్ల ఇంకెవలకో అంటిస్తరు."

హరినాథ్ ఇచ్చాడు. సంగయ్య దాన్ని నాలుగు మడతలు పెట్టి, టిఫిన్ సంచిలో అడుగున దాచుకున్నాడు.