గీత లేని పుస్తకం

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తుంది కనుక అందరూ ఆమెను అద్దాలక్క అనేవారు. నలభై దగ్గర పడ్డాక సాయంకాలపు కళాశాలలో చేరింది. పగలంతా తిరిగే రాయికి అద్దం అంచు ఆనించి నున్నగా చేయడం, సాయంత్రం బెంచీ మీద ఆవులింతలు ఆపుకోవడం. బస్సు డ్రైవరైన భర్త ఆ చదువును మెచ్చుకోనూ లేదు, వద్దననూ లేదు.

మొదటి ఏడే మాస్టారు ఒక మెలిక పెట్టారు. ఇతిహాసాల్లోనో పురాణాల్లోనో ఏదో ఒకటి ఎవరికి వాళ్ళే ఎంచుకుని, సాంతం చదివి, ఏడాది చివర తరగతిలో మాట్లాడాలట. అద్దాలక్కకు అది నల్లేరు మీద బండి నడక అనిపించింది. అడవికి వెళ్ళిన రాకుమారుడి కథ ఆమెకు ఉగ్గుపాలతోనే వచ్చింది మరి.

గ్రంథాలయంలో అడుగుపెట్టాక తల తిరిగిపోయింది. ఒక కథకు ఒక పుస్తకం ఉంటుందనుకుంటే, అక్కడ గోడ పొడుగునా అదే కథ. పద్యాల్లో ఒకటి, వచనంలో ఒకటి, మోయలేనంత బరువైన సంపుటాలు కొన్ని. అన్నదమ్ముల యుద్ధం కథ తీసుకోమంది ఆడబిడ్డ. అది ఇంట్లో ఉంటే తగువులొస్తాయంది పక్కింటావిడ. పురాణాలైతే పొట్టిగా ఉంటాయన్నాడు తోటి విద్యార్థి. అతను వాటిని దూరం నుంచి కూడా చూసి ఉండడు.

చివరికి తెలిసిన కథే మేలని వచనంలో రెండు తెచ్చుకుంది. ఒకదానిలో రాక్షసుడు రాణిని చేతులతో ఎత్తుకుపోయాడు. రెండోదానిలో ఆమెను తాకకుండా, కింద నేలతో సహా పెకలించుకుపోయాడు. ఎవరిని నమ్మాలో తోచలేదు. పోనీ, తీసుకుపోయిన మాట నిజమే కదా అని సర్దుకుంది. అసలు చిక్కు వేరే ఉంది. అన్నిటికన్నా పాతదని మాస్టారు చెప్పిన ఆ మొదటి పుస్తకంలో, మరిది గుడిసె ముందు గీసిన గీత లేనే లేదు.

పేజీ చిరిగిందేమోనని వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది. మర్నాడు గ్రంథాలయంలో గీత ఉన్న పుస్తకం కావాలని అడిగితే, అక్కడి పెద్దాయన రథం నడిపేవాడి ఉపదేశం తెచ్చి చేతిలో పెట్టాడు.

"ఆ గీత కాదండీ, గడప ముందు గీసిన గీత," అంది.

ఆయన బుర్ర గోక్కుని, తానూ అది విన్నాడు గానీ ఎక్కడ చదివాడో గుర్తులేదన్నాడు. మాస్టారినడిగితే, తర్వాతి వాళ్ళు చేర్చుకున్నారని, పాతదానికి పాతదాని విలువ, కొత్తదానికి కొత్తదాని విలువ అని చెప్పారు. అద్దాలక్క తలూపింది గానీ, ఆ మాటతో అయోమయం రెట్టింపయింది.

ఇంటికొచ్చి, తమ దగ్గరే ఉంటున్న అమ్మతో చెప్పడమే పొరపాటయింది. కూతుళ్ళిద్దరినీ ఆ గీత పేరు చెప్పే అదుపులో పెట్టి పెంచింది అమ్మ.

"ఇంత వయసొచ్చాక చదువుకుని, ఉన్న గీత చెరిపేస్తావా?" అని ముఖం తిప్పుకుంది.

అయినా అద్దాలక్క పాతదాన్నే ఎంచుకుంది. తెలిసిందనుకున్నది అందులోనే తెలియకుండా పోయింది, అందుకని. రోజూ కాస్త పైకి చదివేది. అమ్మ పక్కగదిలోంచి వినీ విననట్టు వినేది. రాణిని ఎత్తుకుపోయే ఘట్టం నాడు మాత్రం వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. సన్యాసి వేషంలో వచ్చినవాడికి రాణి ఆసనం వేసి, కాళ్ళకు నీళ్ళిచ్చి, తినమని చెప్పింది. వాడు ఆమెను పట్టుకున్నాడు. అమ్మ మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివింది.

"ఇంటికొచ్చిన మనిషిని కూర్చోమంది, అంతేగా?" అంది అమ్మ. "మరి ఇన్నాళ్ళూ దాటింది, దాటింది అన్నామేమే?"

ఏడాది చివర తరగతిలో అద్దాలక్క తాను రాసుకున్నది సగంలో ఆపి, ఆ ప్రశ్నే అడిగి కూర్చుంది. మార్కులు అంతంతమాత్రం వచ్చాయి. కానీ తరగతి ఆ సాయంత్రం ఎవరికి తోచింది వాళ్ళు మాట్లాడుతూ గంట కొట్టినా లేవలేదు.

రెండో ఏడు మళ్ళీ ఎంచుకోవాలి. అద్దాలక్క ఆ గోడ ముందు నిలబడి ఒక పుస్తకం తీస్తుంది, పెడుతుంది, ఇంకోటి తీస్తుంది. ఈసారి అమ్మ కూడా వెంట వచ్చింది. ఆమెకైతే అన్నీ కావాలట.