కడిగిన జొన్నలు

వ్యవసాయ పాఠశాలలో చదువు ముగించి నాగర్‌కర్నూల్ విత్తనాల డిపోలో చేరిన మొదటి ఏడు. విత్తనం వేళకు అందిందా, సరిపోయిందా, లోటేమైనా ఉందా అని రైతులను అడిగి రాసుకురావడం నా పని. తొలకరి పడ్డ మర్నాడు తెలకపల్లి దగ్గరి పల్లెలో ఒక అవ్వ ఇంటికి వెళ్ళాను. ఆమెకు రెండెకరాల ఎర్రచెలక. పోయినేడు ఆమె జొన్నకంకులు సగం కాటుక తెగులుతో నల్లబడి పోయాయి. ఈసారీ పోతే ఇంట్లో తిండి లేదు. అందుకే గంధకం పొడి పట్టించిన విత్తనం వారం కిందట నేనే ఇచ్చాను.

ఆ జొన్నలు వాకిట్లో చాప మీద తడిగా మెరుస్తున్నాయి.

“కడిగినవా అవ్వా?”

“మూడు నీళ్ళు పోసిన. గా వాసన పోతేనా!”

విత్తే గొర్రు సిద్ధం చేసుకొని నిలబడ్డ ఆమె మరిది నవ్వాడు. “సర్కారు జొన్నలకు తానం పోసింది సారూ మా వదిన. ఇగ బొట్టు పెట్టుడే తక్కువ.”

“నువ్వు ఎడ్లను సూస్కో పో” అని ఆమె నావైపు తిరిగింది. “ఇత్తే ముందుగాల ఇంట్ల అందరి నోట్ల నాలుగు గింజలు ఎయ్యాలె. మందు గింజలు మనుమలకెట్ల పెడ్త బిడ్డా?”

విత్తనం ఇచ్చిననాడు పొడి ఎంత, ఎందుకు, ఎలా అన్నీ ఆమెకు చెప్పాను. విత్తేముందు మీరేం చేస్తారని మాత్రం అడగలేదు.

డిపోలో విత్తనం అయిపోయింది. నా సంచిలో చిన్న డబ్బాడు గంధకం ఉంది, కాని గింజ ఆరితేనే అది పడుతుంది. ఎర్రనేలలో తడి పదునేమో సాయంత్రం దాకా ఆగదు. చాప గాలివాటుకు లాగాం. నేను చేటతో, ఆమె కొంగుతో విసురుతూ కూర్చున్నాం. మరిది మూడుసార్లు వచ్చి “అయిందా?” అన్నాడు.

గింజలు వేళ్ళకు అంటకుండా జారాక ఆమె దోసెడు తీసి పక్కన పెట్టుకుంది. మిగిలినవి కుండలో పోసి, పొడి వేసి, మూతికి గుడ్డ కట్టి ఊపాను.

చెలకలో మనుమలిద్దరూ, మరిదీ నోళ్ళు తెరిచారు. నాలుగేసి గింజలు వేసి నా ముందు ఆగింది.

“నేను మీ ఇంటోణ్ణి కాను గద అవ్వా.”

“పొద్దుగాల్నుంచి ఇసిరి ఇసిరి చెయ్యి గుంజుతుంటే, ఇంకెవలింటోనివి? తెరువు.”

గొర్రు కదిలింది.

ఆ ఏడు కాటుక అక్కడొకటి, ఇక్కడొకటి కనిపించింది, అంతే. మరుసటి ఏటి నుంచి ప్రతి విత్తనం మూటతోనూ పొడి కలపని గుప్పెడు గింజలు వేరే కట్టి ఇచ్చాను. ఇవెందుకని పై అధికారి అడిగితే, ‘ఇంటివాళ్ళ నోట్లో వేయడానికి’ అని రాసిచ్చాను.