మిరపకాయల మధ్య బాట

మా స్కూలు బాస్కెట్‌బాల్ కోర్టు ఏడాదికి మూడు నెలల పైగా మాది కాదు. ఊళ్ళో అంత వెడల్పయిన సిమెంటు నేల ఇంకెక్కడా లేదు. జనవరి ఆఖరుకల్లా రైతులు మిరపకాయలు తెచ్చి పరిచేస్తారు, ఏప్రిల్ దాటితేగాని మళ్ళీ మా చేతికి రాదు. రొంపిచెర్ల దగ్గరి ఆ హైస్కూలుకి డ్రిల్లు టీచరుగా బదిలీ మీద వచ్చిన మొదటి ఏడాది దీనిమీద పెద్ద గొడవే చేశాను. హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళి అరిచాను, సర్పంచి ఇంటికి వెళ్ళి అరిచాను.

"మట్టి మీద పోస్తే కాయకి బూజు పడుద్దమ్మా. పిల్లకాయలదేముంది, యాడన్నా ఆడుకుంటారు" అన్నాడు సర్పంచి, చాలా నెమ్మదిగా.

నరసరావుపేటలో పుట్టి పెరిగినదాన్ని, మిరపకాయ గురించి నాకు పచ్చడి వరకే తెలుసు. అయినా నా నోటికి భయపడో, రోజూ ఈవిడతో ఏం పడతాంలే అనుకునో చివరికి రైతులు ఒక రాజీకి వచ్చారు. ఈ రింగు కింద నుంచి ఆ రింగు కింద దాకా నడిమధ్యన నాలుగడుగుల బాట వదిలేస్తారు. రెండు పక్కలా కాయలు. ఆ సందులో ఎవరాడతారు నా మొహం, అనుకున్నాను.

ఆడింది. అప్పుడు ఆరో తరగతిలో ఉన్న ఒక పిల్ల. వాళ్ళ నాన్న కౌలురైతు, తాటిచెట్టంత మనిషి. ఆయన పొడుగే పిల్లకీ వచ్చింది. వాళ్ళమ్మ కోర్టు అంచున టార్పాలిన్ పరదా నీడలో కూర్చుని తాలుకాయలు ఏరుతుండేది. తెల్లబడిపోయిన కాయలు ఎర్రవాటిలో కలిస్తే మార్కెట్ యార్డులో రేటు రాదు. తల్లి కాయలేరుతున్నంత సేపూ కూతురు ఆ సందులో బంతి కొట్టుకుంటూ అటూ ఇటూ తిరిగేది. బంతి పక్కకి పోయి కాయల మీద పడిందా, చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా ఒక్కసారి లేచేవాళ్ళు. "ఏమే, గింజలన్నీ రాలగొడుతున్నావు, కళ్ళు నెత్తికెక్కినయ్యా?" అని. బంతికి మిరపపొడి అంటుకునేది, బంతి నుంచి చేతులకి, చేతుల నుంచి కళ్ళకి. మొదటి నెలంతా ఏడుపే. రెండో నెలకి బంతి ఆ నాలుగడుగులు దాటడం మానేసింది.

నేను నేర్పానని చెప్పుకుంటే బాగుంటుంది. ఊళ్ళో చాలామంది అలాగే అనుకుంటారు, నేనూ కాదనలేదు. నిజానికి బంతిని మోకాలి కంటే పైకి లేవనీయకుండా, దానివంక చూడకుండా, పరుగులో చెయ్యి మార్చడం ఆ పిల్లకి నేర్పింది ఆ ఆడవాళ్ళ తిట్లు. రింగులో వేయడం ఒక్కటే నేను చూపించాను. అది కూడా పదో తరగతికి వచ్చేసరికి నాకంటే బాగా వేసేది. అబ్బా, ఆ పిల్ల బంతి పట్టుకుని పరిగెడుతుంటే చూడాలి! నా సర్వీసులో అలాంటిది ఇంకొకటి చూడలేదు.

ఇంటరు నరసరావుపేటలో చదివింది. పొద్దున బస్సులో పోయి, సాయంత్రం బస్సు దిగి తిన్నగా మా కోర్టుకే వచ్చేది. జిల్లా జట్టు, తరవాత రాష్ట్ర జట్టు. పిల్ల ఇంటరు రెండో ఏడాదిలో ఉండగా నేను పేటలోని ఒక ఇంజనీరింగు కాలేజీ చుట్టూ తిరిగి తిరిగి స్పోర్ట్స్ కోటాలో సీటు మాట్లాడాను. ఫీజు లేదు, హాస్టలు ఉచితం. ఆ ఇంట్లో ఇంటరు దాటి చదివిన మొదటి మనిషి అవుతుంది. నేను ఎంత సంబరపడ్డానంటే, స్కూల్లో స్టాఫందరికీ జిలేబీ పంచాను.

సరిగ్గా అప్పుడే చెన్నై నుంచి ఫోనొచ్చింది. అక్కడొక ప్రైవేటు జట్టు. ఆడినందుకు నెలనెలా జీతమిస్తారు, తిండీ బసా వాళ్ళవే. వాళ్ళ కోచ్ రాష్ట్ర పోటీల్లో మా పిల్లని చూశాడట, ఇంకోసారి దగ్గరగా చూస్తానన్నాడు. ఇంటర్ పరీక్షలైన మూడో రోజు వస్తానన్నాడు. గుంటూరు నుంచి ఇంకో ఇద్దరమ్మాయిల్ని కూడా తీసుకొస్తానని, ముగ్గుర్నీ కలిపి ఆడించి చూస్తానని చెప్పాడు.

మార్చి ఆఖరు. కోర్టు నిండా కాయలు. ఆ ఒక్కరోజుకీ ఎత్తుతామని రైతులు ఒప్పుకున్నారు, నేను అరవకుండానే. పొద్దున్నే అందరూ కలిసి కాయలు కుప్పలు చేసి పరదాలు కప్పారు. నేల మీద ఎర్రటి పొడి మిగిలింది. పిల్ల తల్లి తడిపిన గోతాం తెచ్చి నేల మీద లాగి తుడవబోతుంటే నేను చూశాను. ఆ మురికి గోతామేంది, చెన్నై నుంచి మనిషి వస్తుంటే, అనుకున్నాను. తొమ్మిదో తరగతి పిల్లలందరికీ చీపుళ్ళిచ్చి ఊడవమన్నాను.

"వొద్దు టీచరమ్మా, ఊడవమాక, ఊడవమాక!" అని ఆవిడ అరుస్తూనే ఉంది. నేను వింటేనా?

ఇరవై చీపుళ్ళు ఒక్కసారి లేచేసరికి ఎర్రటి మబ్బు లేచింది. ఆ మబ్బులోకే కోచ్ కారు వచ్చి ఆగింది. దిగీ దిగగానే ఆయన తుమ్మడం మొదలుపెట్టాడు, పావుగంట ఆగలేదు. గుంటూరు అమ్మాయిలిద్దరూ మంచి ఆటగాళ్ళే, పాపం. కళ్ళ వెంట నీళ్ళు, ముక్కు వెంట నీళ్ళు, బంతి ఎటు పోతోందో తెలియకుండా ఆడారు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. మా పిల్ల మాత్రం ఆ ఘాటులో పుట్టినట్టే ఆడింది. ఒక్కసారి దగ్గలేదు. ఆ రోజు కోర్టంతా ఖాళీగా ఉన్నా, పాపిష్టిది, అలవాటుకొద్దీ నడిమధ్య బాటలోనే పోయేది. ఇద్దరు అడ్డంగా నిలబడితే వాళ్ళిద్దరి మధ్యనుంచే దూరిపోయేది.

ఆట అయ్యాక కోచ్ రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని నన్నడిగాడు, ఆ అమ్మాయి చెమట చేత్తో తుడుచుకోదేమిటి, భుజానికి రాసుకుంటుందేమిటి అని. నేనెప్పుడూ గమనించలేదు. పిల్లే నవ్వి చెప్పింది: "చేతులకి కారముంటది కదా సార్."

గాలి తేటపడ్డాక ఆయన గుంటూరు అమ్మాయిల్ని ఇంకో గంట ఆడించాడు. అందులో ఒకమ్మాయిని తర్వాత తీసుకున్నాడు కూడా. నా చీపురు పాపం ఆమెకి తగలనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. మా పిల్లకి మాత్రం ఆ సాయంత్రమే కాగితం ఇచ్చి వెళ్ళాడు. మూడేళ్ళ ఒప్పందం. కాలేజీకి వెళ్ళి చదవడం కుదరదు, పొద్దునా సాయంత్రం ప్రాక్టీసు. వారంలో సంతకం పెట్టి పంపాలి. అవతల కాలేజీ వాళ్ళు కూడా ఆ వారంలోనే సీటు సంగతి తేల్చమన్నారు.

మా వైపు ఒక పద్ధతుంది. ఇంట్లో తేలని సంగతిని నమ్మకమున్న ఒక మనిషి ముందు పెడతారు. ఆ మనిషి నోట ఏ మాట వస్తే అది ఖాయం. గట్టు తగాదాలకీ, పెళ్ళి మాటలకీ ఇదే పద్ధతి. మూడో రోజు మధ్యాహ్నం పిల్ల తండ్రి నన్ను పిలిచాడు. కోర్టు అంచున, పరదా నీడలో నలుగురం కూర్చున్నాం. తల్లి చేతులు కాయలేరుతూనే ఉన్నాయి.

"మాకేం తెలవదు టీచరమ్మా" అన్నాడు తండ్రి. "నీ నోటెంట ఏ మాటొస్తే అదే. పొమ్మంటే పోద్ది, చదవమంటే చదువుద్ది. మళ్ళా అడిగేదిలేదు."

నేను ఎదురుచూస్తున్నదే అది. నా దగ్గర ఉపన్యాసం తయారుగా ఉంది. ఇరవయ్యేళ్ళుగా ప్రతి బ్యాచికీ చెబుతున్నదే. "ఆట అంటే ఎన్నాళ్ళు? నన్ను చూడండి. డిగ్రీ చదివేటప్పుడు నేనూ ఆడినదాన్నే. రైల్వే జట్టుకి పిలిచారు. ఇంతలో మోకాలు పోయింది. చేతిలో డిగ్రీ ఉండబట్టి ఇవాళ ఈ ఉద్యోగం. లేకపోతే నా గతేంటి?" అంటూ అలవాటుగా మోకాలి మీద చెయ్యేసుకున్నాను.

పిల్ల నా చేతివైపే చూసింది. "ఏ కాలు టీచర్?"

"ఇదేనే."

"మాకు తొమ్మిదో తరగతిలో చెప్పినప్పుడు కుడి కాలు పట్టుకున్నారు టీచర్."

వెటకారం లేదు దాని గొంతులో. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. అదే ఇంకా ఘోరం. తల్లి చేతులు ఆగిపోయాయి. నాకు కోపమొచ్చింది, లేచి వెళ్ళిపోదామనిపించింది. కానీ ఆ తండ్రి అలా చేతులు కట్టుకుని నా నోటివంకే చూస్తున్నాడు. కూతురి బతుకు తెచ్చి నా నోట్లో పెట్టాడు ఆ మనిషి. ఆ నోటితో ఇంకో అబద్ధం ఎలా ఆడను?

చెప్పేశాను. నాకే మోకాలూ పోలేదు. పంతొమ్మిదేళ్ళప్పుడు సికింద్రాబాదు రమ్మని ఉత్తరమొచ్చిన మాట నిజం. ఇంట్లో ముందు వద్దన్నారు, వారం తిరక్కుండానే సరే నీ ఇష్టం అన్నారు. అప్పుడు భయమేసింది. అక్కడ నాకంటే బాగా ఆడేవాళ్ళుంటారని, బెంచీ మీద కూర్చోబెడతారని, తిరిగొస్తే పేటలో నవ్వుతారని. పరీక్షలున్నాయని రాసి పంపాను. ఆ తర్వాత ఎవరైనా ఎందుకు వెళ్ళలేదని అడిగితే, భయమని చెప్పుకోలేక మోకాలు అన్నాను. అనగా అనగా నాకే నొప్పి వస్తున్నట్టుండేది.

 అందరికంటే ముందు తల్లే అడిగింది.

"పోయుంటే ఏమయ్యేదానివి?"

"తెలియదక్కా."

"తెలవకుండా ఇన్నేళ్ళు ఎట్టా ఉన్నావమ్మా?"

ఆవిడ బడి మొహం చూడని మనిషి. నన్ను అంత సూటిగా అడిగినవాళ్ళు అంతకుముందు లేరు.  మంచినీళ్ళు తాగాను. పిల్లవైపు తిరిగి, "నీకు భయంగా లేదే?" అన్నాను.

"చానా భయంగా ఉంది టీచర్. అక్కడ తమిళం కూడా రాదు. కానీ కాలేజీకి నలభై ఏళ్ళకైనా పోవచ్చు కదా. ఈ పరుగు నలభైకి రాదుగా?"

"నలభై ఏళ్ళకి పుస్తకాల సంచీ ఏసుకుని బస్సెక్కుతావా ఏందే?" అన్నాడు తండ్రి. అందరం నవ్వాం, అయినా ఆయన మళ్ళీ నా వంకే చూశాడు. మాట నాదే.

"పంపించన్నా" అన్నాను. "దూరవిద్యలో డిగ్రీ కడుతుంది. కట్టకపోతే నేనే చెన్నై వెళ్ళి చెవి మెలిపెడతాను." తండ్రి లేచి కండువా దులుపుకున్నాడు. నిజంగానే, మళ్ళీ అడగలేదు. మర్నాడు కాలేజీకి వెళ్ళి సీటు వద్దని చెప్పింది నేనే. నాలుగు మాటలు పడ్డాను.

మంచి చేశానో చెడు చేశానో చాలాకాలం నిద్రపట్టలేదు. మొదటి ఆరు నెలలూ దాన్ని బెంచీ మీదే కూర్చోబెట్టారు. నేను దేనికి భయపడి పారిపోయానో అదే. ప్రతి ఆదివారం ఫోను చేసేది. "ఇవాళ కూడా కూర్చోబెట్టారు టీచర్" అని చెప్పి, వెంటనే జట్టులో ఎవరు ఏ ఎత్తు వేశారో అరగంట చెప్పేది. ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. ఆ గుండె నాకెక్కడిది! జనవరిలో ఒక ఆదివారం ఫోనెత్తగానే అరిచింది: "ఆరు నిమిషాలు ఆడాను టీచర్!" ఆరు నిమిషాలకి నేను మళ్ళీ స్టాఫంతటికీ జిలేబీ పంచాను.

ఆ మరుసటి వారమే కోర్టు మీద కాయలు పడ్డాయి. పిల్ల వెళ్ళిపోయింది కదా, ఈ ఏడు బాట మూసేసి ఉంటారనుకుంటూ వెళ్ళాను. మూయలేదు. పైగా అడుగున్నర వెడల్పు పెరిగింది, ఆ పెరిగిన పక్క ఆరబోసుకునేది పిల్ల తండ్రే. "మన పిల్ల సెలవలకొస్తే ఆడుకోవద్దా" అన్నాడు, అదేదో మామూలు సంగతైనట్టు.

ఆటసామాను గదిలోంచి బంతి తెచ్చుకున్నాను. చెప్పులు విడిచి, చీరకొంగు దోపుకుని, ఈ రింగు నుంచి ఆ రింగు దాకా కొట్టుకుంటూ పోయాను. రెండు మోకాళ్ళూ చక్కగా ఉన్నాయి. మూడోసారి పోతుంటే బంతి జారి కాయల్లోకి దొర్లింది.

"ఏందమ్మా టీచరమ్మా, గింజలన్నీ రాలగొట్టావు!" అని పిల్ల తల్లి పరదా కింద నుంచి అరిచింది.

వెళ్ళి బంతి తీసుకున్నాను. చెమట పట్టింది, మరిచిపోయి చేత్తోనే మొహం తుడుచుకున్నాను. కళ్ళు భగ్గుమన్నాయి. నీళ్ళు ధారగా కారుతుంటే ఆవిడ చెంబు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. మిరపకాయ ఘాటక్కా, అన్నాను. మోకాలి కథ విన్న మనిషి, నమ్మలేదు.