సగం అల్లిన కార్డు

అక్క పుట్టినరోజుకి నా చేత్తో గ్రీటింగ్ కార్డు చేసి పంపాలన్న ఆలోచన రాగానే నాకు కాలు ఒక చోట నిలవలేదు. ఫోనులో చూశాను. రంగు కాగితాన్ని సన్నటి పట్టీలుగా కోసి, ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి పోనిస్తూ అల్లితే గళ్ళు గళ్ళుగా ఎంత అందం వస్తోందో! ఇది మా నవారు మంచం అల్లికే కదా, నాకు రాకపోవడమేమిటి అనుకున్నాను. అప్పటికప్పుడు కోనేరు సెంటరుకి వెళ్ళి పసుపు, ఆకుపచ్చ కాగితాలు తెచ్చేశాను.

అక్కకి నాతో మాటల్లేక రెండేళ్ళు. తప్పు నాదే. దివిసీమలో మా పుట్టింట్లో ఉండే అమ్మ నవారు మంచం, అమ్మ పోయాక బందరులో మా వసారాలోకి చేరింది. ఇంటికి రంగులు వేయిస్తుంటే అడ్డంగా ఉందని పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. ఆ మంచం కోసమే అక్క గుడివాడ నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చింది. ఖాళీ వసారా చూసి, “నన్నొక్క మాట అడగాలనిపించలేదా నీకు?” అంది. మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది. ఆ తర్వాత నా ఫోను ఎత్తలేదు.

చిన్నప్పుడు ప్రతి వేసవిలో ఆ మంచం నవారు విప్పి, కాలువలో ఉతికి, ఎండబెట్టి, మళ్ళీ అల్లేది మేమిద్దరమే. ఇటు నేను, అటు అక్క. నేను చుట్ట అందిస్తే తను అందుకుని, మంచం పట్టెకి పాదం తన్నిపెట్టి బిర్రుగా లాగేది; తను అందిస్తే నేనూ అంతే. వరస తప్పేది ఎప్పుడూ నేనే. పట్టుకునేది ఎప్పుడూ తనే.

బిర్రుగా లాగే ఆ అలవాటే ఇప్పుడు నా కొంప ముంచింది. మొదటి కార్డు లాగీ లాగీ చింపేశాను. రెండోది అంచులు లేచి అప్పడంలా వంకర తిరిగింది. మా ఆయన తొంగి చూసి, “కార్డు చేస్తున్నావా, మంచం అల్లుతున్నావా?” అన్నాడు. ముందు ఒళ్ళు మండింది. తర్వాత ఆయన అన్నది నిజమేననిపించింది. నవారుని ఎంత లాగితే అంత మంచిది, కాగితాన్ని లాగకూడదు. మూడోసారి పట్టీలు వదులుగా పోనిచ్చి, గోటితో మెల్లగా ఒకదాని పక్కకి ఒకటి జరిపాను. వచ్చేసింది! నాలుగు వరసలకే పసుపు, ఆకుపచ్చ గళ్ళు! కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో తిప్పి తిప్పి చూసుకున్నాను.

సగం అల్లేసరికి, తర్వాతి పట్టీ అందించడానికి నా చెయ్యి దానంతటదే బల్ల అవతలికి వెళ్ళింది. అక్కడ ఎవరూ లేరు. ఏడుపొచ్చింది.

అంతే, అక్కడితో ఆపేశాను. మిగిలిన పట్టీలు కూడా కవరులో పెట్టాను. కార్డు వెనకాల, “ఇటువైపు నేను అల్లాను, అటువైపు నీది. మంచం విషయంలో తప్పు నాదే అక్కా” అని రాశాను. పోస్టాఫీసుకి నేనే వెళ్ళి వేసి వచ్చాను.

నాలుగు రోజులు ఫోను మోగినప్పుడల్లా పరుగెత్తాను. ఎప్పుడూ అక్క కాదు. ఐదోరోజు పొద్దున్నే తన పేరు కనిపించింది. హలో లేదు, ఏం లేదు.

“ఏమే, మూడో వరసలో పక్కపక్క రెండు పట్టీలకీ కిందనుంచే పోనిచ్చావు. కళ్ళెక్కడ పెట్టుకుని అల్లావు?”

“విప్పేశావా అక్కా?” అన్నాను.

“విప్పకుండా ఎట్టాగే? మొత్తం విప్పాను. ఇప్పుడు ఒక పక్క పట్టుకుంటే ఇంకో పక్క జారిపోతోంది.” పట్టీలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత, “ఇటుపక్క పట్టుకునే మనిషి లేకుండా ఎట్టా అల్లను? ఆదివారం రా” అంది.

ఆ రోజు బుధవారం. పదింటి గుడివాడ బస్సే ఎక్కేశాను.