మగ్గం మీద పెట్టిన సంతకం

మొన్న ఓటు వేయడానికి పోయి, మిషను మీద అడుగున ఉన్న ఇండిపెండెంట్ల పేర్లు ఒక్కొక్కటే చదువుతూ నిలబడిపోతే, అక్కడి ఉద్యోగి ఆడపిల్ల విసుక్కుంది. నా ఈడువాళ్లకైతే చెప్పుకోవచ్చు గానీ ఆ పిల్లకేం చెప్పను, ఒకప్పుడు మా ఆయన పేరు కూడా అట్లా అచ్చు కావలసిందని!

డెబ్బైల చివర్లో మాట. ధర్మవరంలో మా నేతగాళ్ల వీధికి నీళ్లు లేక ఆడవాళ్లం బిందెలెత్తుకుని రైలు స్టేషను దాకా పోయేవాళ్లం. ఓట్లకు వచ్చినవాళ్లంతా నీళ్లిస్తామన్నవాళ్లే గనుక, విసిగి వీధంతా కలిసి మా ఆయనను అసెంబ్లీకి ఇండిపెండెంటుగా నిలబెట్టింది. నామినేషను కాగితంలో ఈయనను ప్రతిపాదిస్తున్నానని ఓటరొకరు సంతకం చేయాలి. తల్లి పోయాక నేను చంకనెత్తుకుని పెంచిన నా తమ్ముడు చేశాడు. పరిశీలనలో ఆ కాగితం నిలిచిన రోజు వీధిలో బెల్లం పంచుకున్నాం, ఉపసంహరణ అనే గండం ఇంకొకటి ఉందని ఎవరికి తోచింది!

ఆ గడువు ఆఖరి రోజు పొద్దున తమ్ముడు కాగితాలతో వచ్చేసరికి మా ఆయన గుంటమగ్గంలో కాళ్లు దించి చీర నేస్తున్నారు. అంచు పువ్వు సగంలో ఉంటే, లేస్తే నేత తేడా కొడుతుందని, ప్రాణం పోయినా లేచే మనిషి కాదు. "గుర్తు కోసరం దరఖాస్తు బావా, ఈడొకటి, ఆడొకటి సంతకం పెట్టు" అని వాడు వేలితో చూపించాడు. సొంత బామ్మర్ది తెచ్చింది చదివితే వాణ్ణి అవమానించినట్టనుకున్నారేమో, చూడకుండానే పెట్టేశారు.

ఒకటి పోటీ విరమించుకుంటున్నానన్న నోటీసు, రెండోది దాన్ని ప్రతిపాదకుడు అందజేయవచ్చన్న ఒప్పుకోలు. మధ్యాహ్నం మూడుగంటల లోపల వాడు ఇచ్చేసి వచ్చాడు. తెలిసి మా ఆయన పరుగెత్తితే, ఒకసారి ఇచ్చిన నోటీసు వెనక్కి తీసుకునే వీల్లేదని ఎన్నికల అధికారి చెప్పారట.

నేను వాడి చొక్కా పట్టుకుని అడిగాను.

"పార్టీ ఆయప్ప నన్ను నేతగాళ్ల సొసైటీలో డైరెక్టర్ని చేస్తానన్నాడక్కా. ఎట్లాగూ బావ గెలిచేది లేదు గదా, ఇంత గొడవ ఎందుకు చేస్తాండావు?" అన్నాడు, తలైనా దించకుండా.

మేమే అమ్ముడుపోయామనుకుని వీధిలో ఆడవాళ్లు నాతో కలిసి నీళ్లకు రావడం మానేశారు. మా ఆయన మాత్రం నన్ను గానీ వాణ్ణి గానీ పల్లెత్తు మాట అనలేదు.

వాళ్లిద్దరూ పోయారు. మా వీధికి కుళాయిలొచ్చాయి, గుంటమగ్గాల చోట మరమగ్గాలొచ్చాయి. ఇప్పుడు ఇండిపెండెంటును పదిమంది ప్రతిపాదించాలట. మాకప్పుడు ఒక్కడు చాలు. ఎవరిచేత సంతకం చేయిద్దామని మా ఆయన అడిగితే, ఆ ఒక్కడి పేరు చెప్పింది నేనే.