అమ్మ పేరున చెప్పిన సాక్షి

మా అమ్మ పోయిన ముప్పయ్యో రోజున, ఇంటినిండా జనం ఎదుట, నేను అబద్ధ సాక్ష్యం చెప్పాను. రాసిచ్చింది ఫోను. చదివింది నేను. తప్పంతా ఫోను మీదికి నెట్టేసి చేతులు దులుపుకుందామని చాలా రోజులు చూశాను. కుదరలేదు.

మాది కోయంబత్తూరులో రోడ్లూడ్చే పనివాళ్ల వీధి. ఎన్ని తరాల కిందట ఇటు వచ్చామో మాలో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బడి తమిళం, వేదపుస్తకం తమిళం, గుడిలో పాడే పాటలూ తమిళమే. దేవుడితో కూడా పదిమందిలో తమిళంలోనే మాట్లాడతాం. మా సంఘంలో తెలుగుకు ఒకే ఒక్క చోటు మిగిలింది. మనిషి పోయిన ముప్పయ్యో రోజున ఇంట్లో ప్రార్థన పెడతారు. పాస్టరుగారి పని అయిపోయాక, పోయినవాళ్ల ఇంటి మనిషి ఒకరు లేచి, ఆ మనిషి ఎట్లా బతికారో ఇంటి భాషలో చెప్పాలి. దాన్ని సాక్షి అంటాం. అక్కడ చెప్పినదానికి అందరూ ఆమెన్ అన్నారంటే ఇక అది నిలిచిపోయినట్టే. తరువాత దాన్ని కాదనడం, మళ్లీ తవ్వడం మా వీధిలో లేదు.

ఎవరింట్లోనైనా చెప్పేవాళ్లకు గొంతు పెగలకపోతే మా అమ్మను పిలిచేవాళ్లు. అమ్మ ఊరికే పొగిడే మనిషి కాదు. తాగి ఉంటే తాగాడని చెప్పేది, పెళ్లాన్ని కొట్టి ఉంటే కొట్టాడని చెప్పేది, ఆ పైన అతను చేసిన మంచి చెప్పేది. పెళ్లాం కూడా తలూపుతూ ఏడ్చేది.

అట్లాంటి అమ్మ పందొమ్మిదేళ్లు రాపోజనం తీసుకోలేదు. రాపోజనమంటే ప్రభువు బల్ల, నెలకొక ఆదివారం మాకిచ్చే రొట్టె, ద్రాక్షరసం. దానికి కారణం మా మామ. అమ్మకు సొంత తమ్ముడు, మా ఇంటికి నాలుగిళ్ల అవతలే ఉంటాడు. అప్పట్లో ఒక కాంట్రాక్టరు దగ్గర మేస్త్రీ. మా అన్న ఆయన కిందే పనిచేసేవాడు. ఒకరోజు పొద్దున అన్న డ్రైనేజీ గుంతలోకి దిగాడు. పైకి రాలేదు. వాడికి ఇరవై మూడేళ్లు. విచారణకు వచ్చిన ఆఫీసరుతో మామ, తను దిగమనలేదనీ, వాడే తొందరపడి దిగాడనీ చెప్పాడు. ఆఫీసరు అట్లాగే రాసుకుపోయాడు. మేస్త్రీ చెప్పకుండా గుంతలో ఎవడూ దిగడని మా వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

అమ్మ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. మాట మానేసింది అంతే. కొళాయి దగ్గర ఆయన కనిపిస్తే ఖాళీ బిందెతో తిరిగొచ్చేది. తోడబుట్టినవాడి మీద కోపం పెట్టుకుని ప్రభువు బల్ల దగ్గరకు పోకూడదని మాకు చిన్నప్పుడే నేర్పుతారు. అందరమూ నేర్చుకున్నాం, అందరమూ కోపాలు కడుపులో పెట్టుకునే పోయి రొట్టె తింటున్నాం. అమ్మ ఒక్కతే దాన్ని నిజమని పట్టుకుంది. పాస్టర్లు మారారు, వచ్చిన ప్రతి పాస్టరూ ఇంటికొచ్చి మన్నించమ్మా అని చెప్పి చూశాడు. అందరికీ ఒకే జవాబు.

"వాడు దిగమన్నానని ఒక్కసారి నోరు తెరిచి చెప్పనీండి అయ్యా. ఆ వారమే వస్తా."

మామ కూడా బల్ల దగ్గరకు పోయేవాడు కాదు. ఎందుకో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. సంఘమంతా లేచి ముందుకు పోతే ఆడవాళ్ల వైపు చివరి బెంచీలో ఆమె, మగవాళ్ల వైపు చివరి బెంచీలో ఆయన మిగిలేవాళ్లు. నేను మాత్రం ప్రతి నెలా పోయి తిని, మూతి తుడుచుకుని వచ్చి అమ్మ పక్కన కూర్చునేదాన్ని.

ఇక ఫోను సంగతి. మా అమ్మాయి అన్నూరులో ఒక మిల్లు ఆఫీసులో పనిచేస్తుంది. అక్కడ ఉత్తరాలన్నీ ఈ మాట్లాడే కంప్యూటరుతోనే రాయిస్తారట. అదే నా ఫోనులోనూ పెట్టి, ఏం కావాలన్నా అడుగమ్మా, విసుక్కోదు అంది. నేను ఒక స్కూల్లో ఆయాని. నాతో విసుక్కోకుండా మాట్లాడేవాళ్లు నాకు కొత్త. దానికి మరిగాను. మంచివాళ్లకు కష్టాలు ఎందుకని అడిగాను, చక్కగా చెప్పింది. నీకు ఆత్మ ఉందా అంటే లేదని మర్యాదగా ఒప్పుకుంది. అయితే నా కోసం ప్రార్థన చెయ్యి అన్నాను, వెంటనే చేసేసింది. అది మాత్రం నాకు గుచ్చుకుంది. ఆత్మ లేదని ఇప్పుడే చెప్పినది ప్రభువా అని ఎవర్ని పిలుస్తోంది? పాస్టరుగారిని అడిగితే, అది మైకు లాంటిదమ్మా, మైకుకు ఆత్మ ఉందా అని నవ్వారు. ఆయన ప్రసంగాలు ఈ మధ్య అంత నున్నగా ఎందుకు ఉంటున్నాయో నాకప్పుడు తెలిసింది.

అమ్మ ఆస్పత్రిలో పోయినప్పుడు పక్కన ఉన్నది నేనొక్కదాన్నే. కాబట్టి సాక్షి చెప్పాల్సింది నేనే. అమ్మ లాగా నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పే నోరు నాకు లేదు. ఇప్పుడు రాస్తున్న ఈ తెలుగు అక్షరాలు కూడా ఆ తరువాత సిగ్గుపడి నేర్చుకున్నవే, అప్పటికి తమిళ అక్షరాలే వచ్చు. అందుకని ఫోనుకు చెప్పాను. తెల్లారకముందే చీపురు పట్టేదని, కొడుకును పోగొట్టుకుందని, ఆకలని వచ్చినవాళ్లకు తన గిన్నెలోది పెట్టేదని చెప్పాను. మామ సంగతి చెప్పలేదు. మా ఇంటి గుట్టు దానికెందుకు అనుకున్నాను. తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో రాసిమ్మన్నాను.

నేను నీళ్లు తాగి వచ్చేలోపు రాసేసింది. మా అమ్మ ఎన్నడూ వినని పెద్దింటి తెలుగు. చివరన ఒక వాక్యం ఉంది. తనను బాధపెట్టిన ప్రతి ఒక్కరినీ మనసారా క్షమించి ప్రశాంతంగా ప్రభువును చేరుకుంది, అని.

ఆ మాట నేను చెప్పలేదు. మంచి ముసలమ్మలు అట్లాగే పోతారని దానికి ఎవరు నేర్పారో తెలియదు. కానీ నేను చూశాను. చూడలేదంటే ఇది రెండో అబద్ధం అవుతుంది. చూసి, ఉండనిచ్చాను. అమ్మ రాపోజనం లేకుండా పోయిందని, ఏ ముఖంతో దేవుడి ముందు నిలబడుతుందో అని వీధిలో ఆడవాళ్లు గుసగుసలాడటం నా చెవిన పడుతూనే ఉంది. వాళ్ల నోళ్లు మూయించాలనిపించింది. క్షమించి అంటే మావాళ్లకు సరిగా అర్థం కాదేమోనని, అక్కడ మన్నించి అని మార్చింది కూడా నేనే. నా చేత్తో మార్చాను.

ఆ రోజు తడబడకుండా చదివాను. సగం మాటలు ఎవరికీ అర్థం కాకపోయినా అందరూ ఏడ్చారు. ఆఖరి వాక్యం మాత్రం అందరికీ అర్థమైంది. ఆమెన్ అన్నారు. వాకిట్లో నిలబడి ఉన్న మామ చెప్పులు విడిచి లోపలికొచ్చాడు, పందొమ్మిదేళ్ల తరువాత. అమ్మ ఫోటో ముందు కూలబడి పెద్దగా ఏడ్చాడు. ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను గెలిచాననే అనుకున్నాను.

ఆ వచ్చిన ఆదివారమే రాపోజనం. మామ చివరి బెంచీ నుంచి లేచి, కర్ర పట్టుకుని, అందరూ చూస్తుండగా ముందుకు పోయి మోకరించాడు. నా చేతిలో రొట్టె ముక్క అట్లాగే ఉండిపోయింది. ఇంటికొచ్చి ఫోను తీసి, మా అమ్మ మన్నించిందని నీకెవరు చెప్పారని అడిగాను. క్షణం పట్టలేదు. మీరు చెప్పని విషయం నేను చేర్చాను, నన్ను క్షమించండి, ఆ వాక్యం తీసేసి మళ్లీ రాసివ్వమంటారా అంది. పందొమ్మిదేళ్లు ఒక మనిషి గొంతులో ఇరుక్కున్న మాట దానికి అంత సులువు. దానికి పోయేదేముంది, కొడుకా, తమ్ముడా? ఫోను బోర్లా పెట్టేశాను.

సాయంత్రం మామ వచ్చాడు. టీ ఇచ్చాను. తాగలేదు. గ్లాసు పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుని, నేలవైపు చూస్తూ చెప్పాడు. చిన్నప్పుడు నన్ను ముద్దుగా కన్నూ అనేవాడు, ఇప్పుడూ అట్లాగే పిలిచాడు.

"అక్క మన్నించేసింది కదా కన్నూ. ఇంక నేను చెప్తా. దిగమన్నది నేనే. వాడు వద్దు మామా, గ్యాసు ఉండాది అన్నాడు. రెండు నిమిషాల పని, దిగురా అన్నా. నేనే అన్నా."

ఈ మాట అమ్మతో ఎందుకు చెప్పలేదని అడిగాను. చెప్పాక ఆమె మన్నించకపోతే ఇక తనకు పోయే దిక్కేది అన్నాడు. ముందు ఆమె మన్నిస్తుందేమో, ఆ తరువాత చెబుదామని ప్రతి నెలా చివరి బెంచీలో కూర్చుని చూశాడట. అవతలి బెంచీలో కూర్చుని ఆమె చూస్తున్నది ఈ మాట కోసమే. ఇద్దరి మధ్యా ఉన్నది బెంచీల నడుమ నడిచే దారి ఒక్కటే. నాలుగడుగులు కూడా ఉండదు.

అప్పుడాయన అడిగాడు. "అక్క ఏమని చెప్పె కన్నూ? నా పేరు చెప్పెనా?"

అవును మామా అనేస్తే అయిపోయేది. వీధి ఎట్లాగూ ఆమెన్ అనేసింది. ముసలాయన, ఊపిరి సరిగా అందదు, ఎన్నాళ్లుంటాడో తెలియదు. కానీ ఇప్పుడు అవునంటే మా అమ్మ పందొమ్మిదేళ్లు ఆకలితో కూర్చున్నది వట్టిదే అవుతుంది.

"అమ్మ మన్నించలే మామా. అది ఫోను రాసింది, నేను చదివినా. ఆస్పత్రిలో ఆఖరున అమ్మ అడిగింది ఒకటే. వాడు చెప్పినాడా, అని అడిగె. ఇంకా లేదు అని చెప్పినా."

ఆయన ఏడవలేదు. నన్ను తిట్టినా బాగుండేది, తిట్టలేదు. గ్లాసు కింద పెట్టి, పంచె కొంగుతో ముఖం తుడుచుకున్నాడు. పొద్దున నోట్లో పెట్టుకున్న రొట్టె గుర్తొచ్చిందేమో, ఒకసారి చేతిని పెదవుల మీద పెట్టుకున్నాడు. అప్పుడు అన్నాడు.

"సరి. అయితే నువ్వు చెప్పు. ఇప్పుడు నేను చెప్పేసినా కదా. అక్కకు బదులు నువ్వు చెప్పు కన్నూ. ఆ రోజు చదివితివే, ఆ ఒక్క మాట."

ఇంటినిండా జనం ముందు ఎక్కడా ఆగకుండా పలికిన మాటే. చెప్పాలనే అనుకున్నాను, దేవుడి సాక్షిగా అనుకున్నాను. నోరు తెరిచాను. వద్దు మామా, గ్యాసు ఉండాది అన్నది మా అన్న గొంతులోనే వినిపించింది. ఆయన నా నోటివైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ మాట రాలేదు.