సులేమానీ అడ్డాలో ఫిట్టరు తోఫీక్

సనందజ్ ఊళ్లోని నూలు మిల్లు మూతపడ్డాక కూడా తోఫీక్‌కి చాలాకాలం షిఫ్టు వేళకే మెలకువ వచ్చేసేది. లేచి, ముఖం కడుక్కుని, చొక్కా తొడుక్కునేవాడు. వెళ్లడానికి చోటు లేదని అప్పుడు గుర్తొచ్చి గోడకు ఆనుకుని కూలబడేవాడు. యాభై దాటిన మనిషి. మీసాలు సరిగా రాని వయసులో ఆ మిల్లులో ఫిట్టరుగా చేరాడు, మరో పని ఎరగడు. భార్య గెలావేజ్ టీ గ్లాసు ముందు పెట్టి, చక్కెర గిన్నె ఇటు జరిపి, తన పని చూసుకునేది.

నిరుద్యోగ భృతి వచ్చేది. అయితే నెలకోసారి తనే స్వయంగా ఆఫీసుకు వెళ్లి సంతకం పెట్టాలి. పని చేస్తున్నట్టు తెలిసినా, దేశం దాటినట్టు తెలిసినా భృతి ఆగిపోతుంది. మొదట్లో ఆ డబ్బుతో వారానికోసారి మాంసం వండుకునేవాళ్లు. తర్వాత కోడిగుడ్లయ్యాయి. ఆ తర్వాత రొట్టె, పెరుగు. వచ్చేది పెరగలేదు, బజారు ఆగలేదు. ఊళ్లో అతను పని అడగని షెడ్డు లేదు. అందరూ ముందు అతని తల వైపే చూసేవాళ్లు, నెరిసిన జుట్టు వైపు.

బావమరిది ఒస్మాన్ లారీల మీద సరుకెత్తుతాడు. ఇంట్లో శవం లేచినా ఏదో ఒక వేళాకోళం ఆడే రకం.

"బావా, ఇలా గోడకు ఆనుకుంటూ పోతే గోడ పడిపోతుంది. సరిహద్దు దాటి సులేమానీ వెళ్లు. అక్కడ మాట్లాడేదీ కుర్దీయే కదా. దినార్లిస్తారు."

"మరి సంతకం?"

"ఆ రోజుకి వచ్చి పెట్టి పో. ఒక పూట బస్సు. నువ్వు చంద్రుడి మీదికేం పోవడం లేదు."

తోఫీక్ వెళ్లాడు. సులేమానీలో కూలీల అడ్డా మీద పొద్దున్నే నిలబడ్డాడు. నోరు విప్పగానే యాస పట్టించేసింది.

"తాతా, అవతలి నుంచి వచ్చావా?" అన్నాడు పక్కనున్న కుర్రవాడు. "మీ రొట్టెలన్నీ అయిపోయాయా, మా వాటి మీద పడ్డారు?"

మేస్త్రీ హమె సాలె కారు దిగకుండానే వేలు చూపించి మనుషుల్ని ఏరాడు. తోఫీక్ దగ్గర వేలు ఆగింది. "ఆ ముసలాయన్నీ ఎక్కించండి. అవతలివాళ్లు తక్కువకొస్తారు."

సిమెంటు బస్తాలు మోశాడు. అతనిలాగే అవతలి నుంచి వచ్చినవాళ్లతో కలిసి ఒక గదిలో పడుకున్నాడు. సంతకం రోజుకి బస్సెక్కి వెళ్లేవాడు, చేతుల మీది బొబ్బలు కనబడకుండా కౌంటరు ముందు కలం పట్టుకునేవాడు. కొన్ని నెలలు అలా గడిచాయి.

అప్పుడు నిజమైన పని దొరికింది. ఊరి చివర ప్లాస్టిక్ సీసాలు చేసే ఫ్యాక్టరీలో ఫిట్టరు కావాలన్నారు. మేనేజరు షమాల్ ముప్పై ఏళ్లవాడు, మర్యాదగానే మాట్లాడాడు.

"నెల రోజులు చూస్తాం మామా. బాగా చేస్తే నీకు ఇక్కడుండే కాగితాలు కూడా పెట్టిస్తాను. కానీ ఈ నెలలో ఒక్క పూట మానినా మళ్లీ రావద్దు."

సంతకం రోజు ఆ నెలలోనే పడింది. తోఫీక్ ఇంటికి ఫోను చేశాడు.

"మెషీన్ల దగ్గర పని," అన్నాడు. "ఆయిలు వాసన తగిలితే ప్రాణం లేచొచ్చింది."

అతని గొంతులో అలాంటి మాట విని ఎన్నాళ్లయిందో. గెలావేజ్ ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే ఉండిపో. నీకు జ్వరమని నేను వెళ్లి చెప్తాను."

తర్వాత ఏం జరిగిందో ఆమే ఫోనులో చెప్పింది.

"నీకు జ్వరమని చెప్పొచ్చానా, సంతకానికి ఆఫీసాయన ఇంటికే వచ్చేశాడు. నాకేం తోచలేదు, ఒస్మాన్‌ని పడుకోబెట్టి దుప్పటి కప్పాను. ఆయన బూట్లు విప్పి లోపలికొచ్చి, 'తోఫీక్ గారూ, ఎలా ఉంది?' అన్నాడు. వీడు లోపల్నుంచి, 'చచ్చిపోతున్నాను' అన్నాడు. 'ఒక్క సంతకం పెట్టి పోదురుగాని' అన్నాడాయన."

"అప్పుడు?"

"వీడు మెల్లగా ముసుగు తీశాడు. ఆయన భృతి కార్డు మీద నీ ఫొటో చూశాడు, వీడి ముఖం చూశాడు. వీడికి మీసమైనా లేదాయె."

"ఏమన్నాడు?"

"ముందు టీ ఇచ్చాను, తాగాడు. వెళ్తూ వెళ్తూ, 'అక్కా, రాయకపోతే నా ఉద్యోగం పోతుంది' అన్నాడు. పోనీలే. నీకు పని దొరికింది. అది చాలు."

భృతి ఆగిపోయింది.

నెల గడిచాక షమాల్ పిలిచాడు. "నీ పనికి వంక పెట్టను మామా. కాగితాలు రాలేదు. తనిఖీలకొస్తున్నారు, కాగితాల్లేనివాణ్ణి ఉంచుకోలేను."

"రాలేదా, మీరు పెట్టలేదా?"

షమాల్ కిటికీలోంచి బయటికి చూశాడు. "ఏదైతేనేం, ఇప్పుడు తేడా ఏముంది?"

తోఫీక్ ఆ మాట ఇంట్లో చెప్పలేకపోయాడు. రేపు చెబుదామనుకున్నాడు, ఆ రేపు చెప్పడం మరీ కష్టమైంది. మళ్లీ అడ్డా మీదికి వచ్చాడు. చలికాలం, ఇళ్ల కట్టుబడులు ఆగిపోయాయి. ఉన్న నాలుగు పనులకీ కుర్రవాళ్లు ఎగబడేవాళ్లు. హమె సాలె వేలు ఇప్పుడు అతని దగ్గర ఆగడం లేదు. కూరగాయల మార్కెట్లో ఉల్లిపాయల బస్తాలు దించితే ఒక్కోసారి డబ్బుకు బదులు ఉల్లిపాయలే ఇచ్చేవారు. ఇంటికి ఫోను చేసినప్పుడు మాత్రం ఫ్యాక్టరీ సంగతులు చెప్పేవాడు, ఏ మెషీను మొరాయించిందో, దాన్ని ఎలా దారికి తెచ్చాడో. "డబ్బు మెల్లగా పంపు, తొందరేం లేదు," అనేది ఆమె.

ఒకరోజు గెలావేజ్ తనే ఫోను చేసింది.

"నీకు ఉన్ని మేజోళ్లు అల్లి సులేమానీ బస్సు డ్రైవరు చేతికిచ్చాను. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇమ్మన్నాను."

తోఫీక్ పక్కనున్న ఉల్లిపాయల బస్తా మీద కూర్చున్నాడు.

"అలాంటి మనిషి ఇక్కడ లేడన్నారట," అంది.

మార్కెట్లో ఎవడో ట్రక్కు వెనక్కి తీస్తూ హారను కొడుతున్నాడు. ఆ చప్పుడు ఆగాక ఆమె అడిగింది.

"ఎన్నాళ్లయింది?"

"చాన్నాళ్లయింది."

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననిపించింది.

"ఏం తింటున్నావు?"

"రొట్టె... ఉల్లిపాయలు."

ఆమె ఏడ్చిందో లేదో తెలియలేదు. "వచ్చెయ్," అంది.

"వచ్చి?"

భృతి ఆఫీసు గుమ్మం అతనికి మూసుకుపోయిందని ఇద్దరికీ తెలుసు. మిల్లు కాడ ఇప్పుడు కుక్కలు పడుకుంటున్నాయని ఒస్మాన్ అప్పుడెప్పుడో అన్నాడు.

"డ్రైవరు ఇంకా అక్కడి బస్సు గరాజులోనే ఉన్నాడు," అంది చివరికి. "వెళ్లి తీసుకో. కాళ్లు చల్లబడనివ్వకు."

తోఫీక్ గరాజుకి నడిచి వెళ్లాడు. డ్రైవరు పొట్లం చేతికిచ్చి బానెట్ మూశాడు. తోఫీక్ అక్కడే ఒక టైరు మీద కూర్చుని పాత మేజోళ్లు విప్పి కొత్తవి తొడుక్కున్నాడు. తర్వాత అడ్డా వైపు నడిచాడు. అప్పటికే మేస్త్రీలు వచ్చి వెళ్లిపోయారు. మిగిలిపోయినవాళ్లు డబ్బాలో మంట వేసుకుని చుట్టూ నిలబడి ఉంటే, వెళ్లి వాళ్ల పక్కన నిలబడ్డాడు.